బడి గ్రౌండ్‌ని సాయంత్రం పార్కుగా తెరిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్ గ్రౌండ్‌కి ఆనుకునే ఇల్లు. కానీ పిల్లలు ఆడుకునేది రోడ్డు మీద, బైకులకి తప్పుకుంటూ. మన టౌన్లలో ఇది ఎవరికీ వింతగా అనిపించదు. బడి అయిపోయాక, సెలవు రోజుల్లో ఆ గ్రౌండ్‌ని చుట్టుపక్కల వాళ్లకి తెరవాలంటే ఎవరు ఒప్పుకోవాలి, ఎవరు ఊడవాలి, ఏదైనా జరిగితే ఎవర్ని అడగాలి అని కాలనీ వాళ్లు, తల్లిదండ్రులు, టీచర్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ఎక్కువగా జిల్లా పరిషత్, మున్సిపల్, ప్రభుత్వ స్కూళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

బడి గ్రౌండ్‌ని పార్కుగా తెరవడం అంటే సరిగ్గా ఏం చేయడం?

బడి నడిచే టైంలో గ్రౌండ్ పూర్తిగా పిల్లలదే. లాంగ్ బెల్ కొట్టి పిల్లలు ఇళ్లకి వెళ్లాక చీకటి పడేదాకా, ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో పగలంతా ఎవరైనా లోపలికి రావచ్చు. నడవచ్చు, ఆడుకోవచ్చు, ఊరికే చెట్టు కింద కూర్చోవచ్చు. తరగతి గదులు, వరండాలు, మధ్యాహ్న భోజనం వంటగది మాత్రం తాళంలోనే ఉంటాయి.

స్థలం చేతులు మారదు. ఆ గంటల్లో గ్రౌండ్ బాధ్యత మాత్రం హెడ్మాస్టర్ నుంచి మున్సిపాలిటీకో పంచాయతీకో మారుతుంది. అసలు విషయం అదే. ఈ ఒక్క ముక్క కాగితం మీద రాసుకోకుండా గేటు తీస్తే, అది మళ్లీ మూసుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌కి గేటే లేదు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇందులో కొత్తేముంది?

చాలా ఊళ్ల సంగతి ఇదే. తెల్లవారుజామున వాకర్స్, ఆ తర్వాత బడి, సాయంత్రం క్రికెట్, రాత్రి ఇంకేదో. దీపావళికి టపాసుల దుకాణాలు, ఎన్నికలప్పుడు సభలు, పెద్ద నాయకుడొస్తే హెలిప్యాడ్, సంక్రాంతికి టోర్నమెంట్. గ్రౌండ్ అందరిదీ అయినట్టే ఉంటుంది. తెల్లారి ప్రార్థన టైంకి బీరు సీసా పెంకులు ఏరేది మాత్రం ఆరో తరగతి పిల్లలు. వరండాలో పేకాట ముక్కలు, విరిగిన నల్లా, కాలిన చెత్త, వీటన్నిటికీ సమాధానం చెప్పుకునేది హెడ్మాస్టర్.

అందుకని మన దగ్గర గ్రౌండ్లు రెండు రకాలు. ఒకటి ఎవరు దేనికి వాడుకున్నా అడిగే దిక్కు లేనిది. రెండోది ఆ అనుభవంతో విసిగిపోయి గోడ కట్టి తాళం వేసేసినది. ఇక్కడ చెబుతున్నది ఈ రెండూ కాని మూడో పద్ధతి. టైం ప్రకారం తెరుస్తారు, టైం ప్రకారం మూస్తారు, ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఊళ్లో అందరికీ తెలుసు.

కొత్తగా పార్కులే కట్టొచ్చు కదా? బడి జోలికి ఎందుకు?

కట్టగలిగితే కట్టాల్సిందే. కానీ ఇళ్లు నిండిపోయిన వార్డులో ఎకరం స్థలం ఎక్కడ దొరుకుతుంది? దొరికినా కొనడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బుండదు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన ఉంది. పాత కాలనీల్లో ఒకసారి చుట్టి చూడండి: ఆ పది శాతంలో వాటర్ ట్యాంకు, గుడి, కమ్యూనిటీ హాలు, ట్రాన్స్‌ఫార్మర్ పోను మిగిలింది ఎంతో తెలుస్తుంది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు లాంటివి బాగానే ఉన్నాయి, కానీ వాటి దగ్గర ఇల్లు లేనివాడు పార్కుకి వెళ్లాలంటే ముందు ట్రాఫిక్‌లో పడాలి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ట్యూషన్ ముగించుకుని ఆరింటికి ఇంటికొచ్చిన పిల్లాడు ఆ గంట ఆడాలంటే ఆట స్థలం నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. అంత దగ్గర్లో చాలా కాలనీలకి ఉన్న ఖాళీ జాగా బడి ఒక్కటే.

ఇలా ఎక్కడైనా పెద్ద ఎత్తున చేశారా?

న్యూయార్క్‌లో చేశారు, వివరంగా తెలుసుకోదగ్గ ఉదాహరణ కూడా అదే. అక్కడ ఆలోచన పాతదే. నగర పార్కుల శాఖ, విద్యా బోర్డు కలిసి స్కూళ్ల పక్కన ఉమ్మడి ఆట స్థలాలు నడిపే పద్ధతి 1938లోనే మొదలైంది. పగలు బడిది, తర్వాత జనానిది. అయినా ఎన్నో స్కూలు ఆవరణలు కంచె వెనక తాళాలతో, ఉత్త తారు నేలతో ఉండిపోయాయి.

2007లో మేయర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్ నగరానికి దీర్ఘకాలిక ప్రణాళిక ఒకటి ప్రకటించారు. 2030 నాటికి ప్రతి నగరవాసి ఇంటి నుంచి 10 నిమిషాలు నడిస్తే ఏదో ఒక పార్కు చేరుకోవాలి అన్నది అందులో ఒక లక్ష్యం. కొత్త స్థలం కొనడం న్యూయార్క్‌కీ తలకి మించిన పనే. కాబట్టి పార్కులు తక్కువగా ఉన్న పేటల్లో తెరవడానికి వీలయ్యే 290 స్కూలు ఆవరణల్ని గుర్తించారు. అందులో 69 అప్పటికే బాగున్నాయి, గేటు తీస్తే చాలు. మిగతా వాటికి పని చేయించాలి. ఆ తర్వాతి సంవత్సరాల్లో 200కు పైగా ఆవరణలు జనానికి తెరుచుకున్నాయి.

వాటిని బాగు చేసిన తీరు ఇంకా బాగుంటుంది. ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల నుంచే అక్కడ ఈ పని చేస్తోంది. డిజైన్ గీయడానికి ముందు ఆ స్కూలు పిల్లల్నే కూర్చోబెడతారు. పిల్లలు ఆవరణని కొలుస్తారు, ఏం కావాలో రాసుకుంటారు, డబ్బు సరిపోనప్పుడు ఏది వదులుకోవాలో వాళ్లే వాదించుకుంటారు. తారు తవ్వేసి చెట్లు, రన్నింగ్ ట్రాక్, కూర్చునే చోట్లు పెట్టారు. వాన నీరు ఇంకిపోయే నేల కూడా వేశారు. న్యూయార్క్‌లో చాలా చోట్ల వాన నీరు, మురుగు ఒకే పైపులో పోతాయి, పెద్ద వానొస్తే అది పొంగి నదుల్లోకి వెళ్తుంది. ఆవరణ నీళ్లు పీల్చుకుంటే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది కాబట్టి, నీటి శాఖ కూడా డబ్బు పెట్టింది. ఆట స్థలానికి నీటి శాఖ నిధులు తేవడం! వానకి రోడ్లు చెరువులయ్యే మన నగరాల వాళ్లు ఈ సంగతి మీద కాస్త ఆగి ఆలోచించొచ్చు.

బయటివాళ్లు లోపలికొస్తే మా పిల్లల భద్రత ఏం కావాలి?

తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే, అడగాలి కూడా. జపాన్‌లో 2001 జూన్ 8న ఇకెడా ప్రాథమిక పాఠశాలలోకి కత్తితో చొరబడిన వ్యక్తి 8 మంది పిల్లల్ని చంపేశాడు. దేశమంతా వణికిపోయింది. అయితే ఆ ఘోరం జరిగింది సాయంత్రం కాదు, పొద్దున బడి నడుస్తుండగా. అప్పటినుంచి జపాన్ స్కూళ్లలో బడి టైంలో గేట్లు మూసి ఉంచడం, వచ్చినవాళ్లని ఆరా తీయడం బాగా పెరిగింది. బడి అయ్యాక పేర్లు నమోదు చేసుకున్న స్థానిక బృందాలు గ్రౌండ్, జిమ్ వాడుకునే పద్ధతి మాత్రం ఆగలేదు.

మనకీ ఇది పనికొచ్చే తేడా. ప్రమాదం ఎక్కువగా ఉండేది పిల్లలు, బయటివాళ్లు ఒకే టైంలో కలిసే చోట. కాబట్టి రెండు టైంలని కలవనివ్వకూడదు. పొద్దున వాకర్స్ ఎంత పెద్దవాళ్లయినా, ఎంత మర్యాదస్తులైనా, మొదటి పిల్లాడు గేటు దాటే టైంకి బయట ఉండాలి. సాయంత్రం చివరి పిల్లాడు వెళ్లాకే గేటు తీయాలి. స్పెషల్ క్లాసులు ఉన్న రోజు అవి అయ్యేదాకా తీయకూడదు.

రెండోది కంచె. సింగపూర్‌లో చాలా స్కూళ్ల మైదానాలు బడి వేళ తర్వాత జనానికి ఉచితంగా తెరుస్తారు. మైదానానికి, బడి భవనానికి మధ్య కంచె ఉంటుంది, మైదానానికి వేరే గేటు ఉంటుంది. ఆడుకోవడానికి వచ్చినవాడు తరగతి గది దాకా వెళ్లే దారే లేదు. మన దగ్గర గోడ అంటే బయట చుట్టూ కట్టేదే. బిల్డింగ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఐదడుగుల జాలీ కంచె, వీధి వైపు ఒక చిన్న గేటు పెట్టిస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఇక ఖాళీగా, చీకటిగా, ఎవరూ తిరగని గ్రౌండ్ సురక్షితం అనుకోవడం పొరపాటు. సీసాలు పగిలేది అక్కడే. పదిమంది అమ్మలు, తాతలు కూర్చున్న చోట మందు బ్యాచ్ దిగదు.

చట్టం దీనికి ఒప్పుకుంటుందా?

అడ్డు చెప్పదు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రతి స్కూలుకి ఆట స్థలం ఉండాలి, గోడో కంచో కూడా ఉండాలి. రెండూ ఒకే పట్టికలో ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసి, బడి లేని వేళల్లో స్కూలు వసతుల్ని చుట్టుపక్కల సమాజం కోసం వాడుకోవచ్చని, స్కూలుని ‘సామాజిక్ చేతనా కేంద్రం’గా మలచుకోవచ్చని చెప్పింది. అయితే అది విధానమే. అందులో ఉంది కదా అని ఎవరూ గేటు తీయమని పట్టుబట్టలేరు.

స్థలం ఎవరిది అన్నది ముందు తేల్చుకోండి. జడ్పీ స్కూలైతే జిల్లా పరిషత్, ప్రాథమిక బడి అయితే చాలా చోట్ల మండల పరిషత్. మున్సిపల్ స్కూళ్ల సంగతి కొంచెం గజిబిజి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వాటి పర్యవేక్షణ విద్యాశాఖకి వెళ్లింది, ఆస్తి మాత్రం మున్సిపాలిటీదే. తప్పు ఆఫీసుకి అర్జీ పెడితే ఫైలు అక్కడే పడుకుంటుంది.

హెడ్మాస్టర్లు ఎందుకు ఒప్పుకోరు?

ఒప్పుకోకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, అవి న్యాయమైనవే. కాలనీ వాళ్ల మీటింగుల్లో హెడ్మాస్టర్‌ని విలన్ చేయడం సులువు. ఆయన వైపు నుంచి చూడండి. గేటు తీస్తే వచ్చే పేరు కార్పొరేటర్‌కి. కిటికీ అద్దం పగిలితే వచ్చే మెమో తనకి. కంప్యూటర్ ల్యాబ్‌లో మౌస్ పోయినా స్టాక్ రిజిస్టర్ పట్టుకుని నిలబడేది తనే. చాలా బళ్లకి వాచ్‌మన్ లేడు, ఉన్నచోట ఇచ్చే జీతానికి రాత్రంతా కాపలా కాయమని గట్టిగా చెప్పలేరు. ఇక ‘సార్, ఈ ఒక్కరోజు’ అంటూ వచ్చే ఫోన్లు. ఒకసారి ఒక పార్టీ సభకి ఇస్తే రెండో పార్టీ వాళ్లకి కాదనలేడు.

మూసి ఉంచితే ఆయన్ని అడిగేవాడు లేడు. తెరిస్తే అందరూ అడుగుతారు. ఈ లెక్క మార్చకుండా ఆయన మనసు మార్చాలని చూస్తే ఫలితం ఉండదు.

లెక్క మారాలంటే బడికీ మున్సిపాలిటీకీ మధ్య రాసుకునే ఒప్పందంలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. సాయంత్రం ఇన్ని గంటల నుంచి పొద్దున ఇన్ని గంటల దాకా గ్రౌండ్‌లో ఏం జరిగినా బాధ్యత మున్సిపాలిటీది. పాడైన వస్తువు ఇన్ని రోజుల్లో బాగు చేయించాలి, లేకపోతే బాగయ్యేదాకా గేటు మూసే హక్కు హెడ్మాస్టర్‌ది. ఇంకే కార్యక్రమానికైనా అనుమతి అడగాల్సింది హెడ్మాస్టర్‌ని కాదు, స్కూలు యాజమాన్య కమిటీని. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆయనకి అన్నిటికంటే ఊపిరి పోసేది అదే.

టీచర్లు సాయంత్రం కాపలా ఉండాలా?

అక్కర్లేదు. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులకి టీచర్లని వాడకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ‘పీఈటీ సార్ చూసుకుంటారులే’ అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

పెళ్లిళ్లు, సభలు, ఎగ్జిబిషన్లు కూడా పెట్టుకోవచ్చా?

వద్దు. పార్కు అంటే రోజూ వచ్చేవాళ్లది. ఒక్క రిసెప్షన్ కోసం టెంట్ గుంజలు పాతితే ఆ గుంతలు ఆర్నెల్లు ఉంటాయి, పరిగెత్తే పిల్లాడి కాలు వాటిలోనే మడత పడుతుంది. లారీలు తిరిగితే నేల గట్టిపడి గడ్డి మొలవదు. పైగా స్కూళ్ల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించడానికి శబ్ద కాలుష్య నియమాలు వీలిస్తాయి. డీజే సంగతి ఇక చెప్పక్కర్లేదు. అద్దె వస్తుంది కదా అనే వాదన ఎప్పుడూ ఉంటుంది. ఆ అద్దెలో బడికి చేరేది ఎంత అని అడిగితే వాదన అక్కడే సన్నగిల్లుతుంది.

ఊరి టోర్నమెంట్లకి ఏడాదికి రెండు మూడు రోజులు ముందే నిర్ణయించి ఇవ్వొచ్చు. అంతకి మించితే గ్రౌండ్ మళ్లీ పాత కథే.

మా గ్రౌండ్ చాలా చిన్నది. పార్కుకి సరిపోతుందా?

అర ఎకరం అనుకోండి. చదరంగా ఉంటే చుట్టూ ఒక రౌండ్ సుమారు 180 మీటర్లు, ఐదున్నర రౌండ్లకి కిలోమీటరు. నడకకి బ్రహ్మాండంగా సరిపోతుంది. వాలీబాల్ కోర్టుకి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు, కబడ్డీకి 13, 10. ఇవి రెండూ వేసినా చిన్నపిల్లలకి ఇసుక గుంట, పెద్దవాళ్లకి బెంచీలు పెట్టేంత చోటు మిగులుతుంది. చిన్న గ్రౌండ్‌లో సరిపోనిది ఒక్కటే, కార్క్ బాల్ క్రికెట్. అది పెద్ద గ్రౌండ్లలో కూడా మిగతావాళ్లందర్నీ గోడ వారకి నెట్టేస్తుంది, కాబట్టి వద్దని బోర్డు మీదే రాయండి. టెన్నిస్ బాల్ అయితే ఫర్వాలేదు, అది కూడా ఒక మూల.

ఆడవాళ్లు, అమ్మాయిలు వస్తారా?

వాళ్ల కోసం ఏమీ చేయకుండా ‘అందరికీ ఆహ్వానం’ అని బోర్డు పెడితే రారు. వచ్చేది పద్దెనిమిదేళ్ల అబ్బాయిలు, మొత్తం గ్రౌండ్ వాళ్లదే అవుతుంది. అందులో వాళ్ల తప్పేం లేదు, వాళ్లకీ వేరే చోటు లేదు. కానీ ఆ టైంలో ఒక అమ్మాయి షటిల్ బ్యాట్ పట్టుకుని లోపలికి రావాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

చేయాల్సినవి ఖరీదైనవేమీ కాదు. గ్రౌండ్‌ని గీతలు గీసి విడదీయడం, నడక దారికి బంతి రాకుండా వల కట్టడం, వారంలో కొన్ని సాయంత్రాలు ఒక కోర్టుని అమ్మాయిలకే కేటాయించడం, గేటు దగ్గరా లోపలి మూలల్లోనూ లైట్లు. అన్నిటికంటే ముందు టాయిలెట్. బడి టాయిలెట్లలో ఒక్కటి గ్రౌండ్ వైపు తలుపు తెరుచుకునేలా చేసి, దాన్ని కడిగే పని మున్సిపల్ సిబ్బందికి అప్పగించాలి. టాయిలెట్ లేని పార్కులో ఆడవాళ్లు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు అరగంట కంటే ఉండలేరు.

ఎవరు ఊడుస్తారు?

మున్సిపల్ పారిశుద్ధ్య సిబ్బంది, పల్లెలో పంచాయతీ కార్మికులు. అదీ పొద్దున, బడి గంటకి ముందు. ‘వాడుకునేవాళ్లే శుభ్రం చేసుకోవాలి’ అనే మాట వినడానికి బాగుంటుంది, రెండో వారానికి ఆ పని ఒకరిద్దరు మంచివాళ్ల మెడకి చుట్టుకుంటుంది. బడి స్కావెంజర్ మీద వేయకండి, ఆమెకి ఉన్న పనే చాలు. గేటు బయట బజ్జీల బండి, పానీపూరీ బండి ఎలాగూ వస్తాయి. వాటిని తరిమేయడం కంటే ఒక చెత్త డబ్బా పెట్టించి, అది నిండితే ఆ బండివాళ్లదే పూచీ అని ఒప్పించడం మేలు. సిగరెట్, గుట్కా మాత్రం కుదరదు. విద్యాసంస్థకి 100 గజాల లోపు పొగాకు అమ్మడం చట్టం నిషేధించింది.

వీధి కుక్కల సంగతి?

విద్యాసంస్థలు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాల్లోకి వీధి కుక్కలు రాకుండా కంచెలు, గేట్లు ఏర్పాటు చేయాలని, ఉన్నవాటిని తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి గేటు తెరిచే టైంలో అక్కడ మనిషి ఉండటం ఇంకా అవసరమైంది. లోపల తినుబండారాలు పారేయకపోతే సమస్య చాలావరకు తగ్గుతుంది.

ఓపెన్ జిమ్, పేవర్ బ్లాక్స్, ఫౌంటెన్ పెట్టిస్తామంటున్నారు. తీసుకోవాలా?

నిధులొచ్చాయంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పేవర్ బ్లాక్స్. వేయడం సులువు, బిల్లు పెట్టడం సులువు, ప్రారంభోత్సవం ఫొటోలో బాగా కనిపిస్తాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో సాయంత్రం ఆరింటికి వాటి మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, తెలుస్తుంది. పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రిదాకా వదులుతూనే ఉంటాయి. పిల్లాడు పడితే మోకాలు చెక్కుకుపోతుంది. వాన నీరు ఇంకదు.

పారిస్ దీనికి సరిగ్గా ఎదురు దిక్కులో వెళ్తోంది. అక్కడి స్కూలు ఆవరణలన్నీ కలిపితే 70 హెక్టార్ల పైచిలుకు, ఎక్కువ భాగం తారు నేల. ఎండాకాలాలు ముదిరిపోతుండటంతో 2018 నుంచి ఒక్కొక్క స్కూల్లో తారు పెకలించి మట్టి, చెట్లు, నీడ తెస్తున్నారు. పథకం పేరు ‘ఒయాసిస్’. వాటిలో కొన్ని శనివారాలు చుట్టుపక్కల వాళ్లకి తెరుస్తున్నారు. వాళ్లు ఖర్చు పెట్టి తవ్వుతున్న దాన్ని మనం ఖర్చు పెట్టి పరుస్తున్నాం.

మన గ్రౌండ్లలో ఇంకా మట్టి ఉంది. దాన్ని అలాగే ఉంచి, ఎర్రమట్టి పరిచి రోలర్ తిప్పించండి. గోడ వెంబడి వేప, కానుగ నాటండి, నాలుగైదేళ్లలో నీడ ఇస్తాయి. నీళ్లు పోసేవాడి పేరు రాసుకోకుండా మాత్రం మొక్క నాటకండి. ఓపెన్ జిమ్ పరికరాలు ఇస్తామంటే, గ్రీజు పెట్టే కాంట్రాక్టు కూడా ఇస్తారా అని అడగండి. కిర్రుకిర్రుమంటూ బిగుసుకుపోయిన పరికరం దగ్గర పిల్లాడి వేలు నలిగితే అది ఆట స్థలం అనిపించుకోదు. ఫౌంటెన్ వద్దు, దోమలు చాలు మనకి.

ప్రవేశ రుసుము పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఐదు రూపాయలు పెట్టినా ముందు మానేసేది ఆ గ్రౌండ్ అన్నిటికంటే అవసరమైన పిల్లలే. కోచింగ్ అకాడమీలు పొద్దునా సాయంత్రం గ్రౌండ్‌ని తమ పిల్లలకే వాడుకుని ఫీజులు వసూలు చేసుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాన్ని మొదటిరోజే కట్టడి చేయాలి, అలవాటయ్యాక తీయడం కష్టం.

లైట్ల కరెంటు బిల్లు?

గ్రౌండ్ లైట్లకి వేరే మీటర్ పెట్టించి మున్సిపాలిటీ పేరున తీసుకోండి. బడి మీటర్‌కి కలిపితే ఆ బిల్లు బడి గ్రాంట్‌ని తినేస్తుంది. మొదట్లో లైట్లు లేకుండా, చీకటి పడగానే మూసేసే పద్ధతిలో నడపడం ఇంకా తేలిక. న్యూయార్క్‌లోనూ మామూలుగా చీకటి పడేదాకే.

ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?

ఆటలో పడి మోచెయ్యి గీరుకుపోవడం ఎవరి తప్పూ కాదు. తుప్పుపట్టిన గోల్ పోస్టు మీద పడటం వేరు, మూత లేని సంపులో పడటం వేరు. అలాంటివి ఉన్నాయేమో తెరవడానికి ముందు ఇంజనీర్‌తో కలిసి తిరిగి చూసి రాసుకోవాలి: తెరిచి ఉన్న సెప్టిక్ ట్యాంకులు, వేలాడే కరెంటు తీగలు, కూలడానికి సిద్ధంగా ఉన్న పాత గది, పగిలిన గోడ. పాత గదిని కూల్చేదాకా ఆ వైపు కంచె వేయాలి. ఈ తనిఖీ కాగితం ఒప్పందానికి జత చేస్తే, తర్వాత ‘మాకు తెలీదు’ అనే మాటకి చోటుండదు.

ఒకసారి జనానికి తెరిస్తే ఆ స్థలాన్ని మెల్లగా ఇంకేదో కట్టడానికి లాగేసుకుంటారని భయం.

ఆ భయం ఊరికే రాలేదు. ఖాళీగా కనిపించే బడి స్థలం మీద ప్రతి శాఖకీ కన్నుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు స్కూళ్ల ఆవరణల్లో కట్టొద్దని హైకోర్టు 2020లో చెప్పింది. ఆ ఆదేశాలు సరిగా అమలు కాలేదని 2022 మార్చి 31న 8 మంది ఐఏఎస్ అధికారులకి కోర్టు ధిక్కారం కింద రెండు వారాల జైలు శిక్ష పడింది. వాళ్లు క్షమాపణ కోరడంతో సింగిల్ జడ్జి దాన్ని సంక్షేమ హాస్టళ్లలో నెలకో ఆదివారం సేవ చేయాలన్న శిక్షగా మార్చారు.

నిజానికి రోజూ సాయంత్రం వందమంది నడిచే గ్రౌండ్‌లో పునాది తవ్వడం, తాళం వేసి పిచ్చిచెట్లు మొలిచిన గ్రౌండ్‌లో తవ్వినంత తేలిక కాదు. అయినా ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి: ఈ గ్రౌండ్‌లో శాశ్వత కట్టడం ఏదీ కట్టకూడదు, గుడి, విగ్రహం, వాటర్ ట్యాంకు సహా. విగ్రహం అనే మాట తప్పకుండా రాయించండి.

ప్రైవేటు స్కూళ్లని కూడా అడగొచ్చా?

అడగొచ్చు, ఒత్తిడి చేయలేరు. అపార్టుమెంట్‌లో నడిచే స్కూలుకి అసలు గ్రౌండే ఉండదు. పాత ఎయిడెడ్, మిషనరీ స్కూళ్లకి మాత్రం మంచి మైదానాలున్నాయి, పూర్వ విద్యార్థుల ద్వారా అడిగితే ఆదివారాలకైనా ఒప్పుకునే అవకాశం ఉంది.

మేం మొదలుపెట్టాలంటే ముందు ఎవర్ని కలవాలి?

ముందు హెడ్మాస్టర్‌ని, చేతిలో అర్జీ లేకుండా. ఆయన ఇబ్బందులేంటో విని రాసుకోండి. తర్వాత స్కూలు యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. ఈ ఆలోచనకి సహజంగా మద్దతు వచ్చేది అక్కడే. తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మహిళల్ని కూడా కలవండి. కమిటీ తీర్మానం చేతికొచ్చాక ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓకి (జిల్లా విద్యాధికారికి), ఇంకో కాపీ మున్సిపల్ కమిషనర్‌కి. జడ్పీ స్కూలైతే జడ్పీ సీఈఓకి కూడా. కార్పొరేటర్‌ని, ఎమ్మెల్యేని వదిలేయమని కాదు, కానీ వాళ్లతోనే మొదలుపెడితే అది వాళ్ల పథకం అవుతుంది, ఎన్నికల తర్వాత ఎవరిదీ కాదు.

మీ ఊళ్లో వాకర్స్ అసోసియేషన్ ఉంటే గేటు తీసి మూసే పనికి వాళ్లని అడగండి. ఎలాగూ ఐదింటికే లేస్తారు, మాట మీద ఉంటారు. రిటైరైన పోలీసాయన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు.

మొదలుపెట్టాక కుదరకపోతే ఆపేయొచ్చా?

ఆపేయొచ్చు, ఆ మాట కూడా ముందే రాసుకోవాలి. వేసవి సెలవుల్లో మొదలుపెట్టడం మంచిది, బడి లేదు కాబట్టి పొరపాట్లు పిల్లల చదువు మీద పడవు. జూన్‌లో బడి తెరిచే ముందు హెడ్మాస్టర్, కమిటీ, మున్సిపాలిటీ ఒకసారి కూర్చుని ఏం విరిగింది, ఎవరు బాగు చేశారు, ఎవరు రాలేదు అని చూసుకుని కొనసాగించాలో లేదో తేల్చుకోవాలి. ఒక రాత్రి గొడవ జరిగిందని మొత్తం మూసేయకండి, ముందు టైం తగ్గించి చూడండి. పదో తరగతి స్పెషల్ క్లాసులు, పబ్లిక్ పరీక్షలు ఉండే జనవరి నుంచి ఏప్రిల్ దాకా మామూలు రోజుల్లో సాయంత్రాలు మానేసి పొద్దున వాకర్స్‌కి, ఆదివారాలు అందరికీ తెరిస్తే సరిపోతుంది.